పన్ను, పేషెంటు, పెండింగ్ కేసు: లాటిన్‌లో ఒక ప్రత్యయం కథ

ఏ ఊరి బజారులోనైనా నాలుగడుగులు వేస్తే ఇలాంటి బోర్డు ఒకటి కనిపిస్తుంది: పైన ‘దంత వైద్యశాల’, కింద ‘డెంటల్ క్లినిక్’. పైది సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట. కిందిది లాటిన్‌లో పుట్టి ఇంగ్లీషు మీదుగా మన దగ్గరికి వచ్చింది. ఒకదానికొకటి అనువాదం అనుకుంటాం గానీ, నిజానికి రెండూ ఒకే మాట. సంస్కృతపు ‘దంత’కూ లాటిన్ ‘దెంత్-’కూ మూలం ఒకటే. ఆ మూలానికి మొదట ‘తింటున్నది’ అనే అర్థం ఉండేదని భాషా చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. తింటూ ఉంటుంది కాబట్టి పన్ను!

క్రియలోంచి ఇలా ‘చేస్తున్న’ అనే అర్థంలో మాటలు పుట్టించే ప్రత్యయాన్ని సంస్కృతం చదివినవాళ్ళు శతృ ప్రత్యయం అంటారు. దాంతో తయారైన మాట శత్రంతం. లాటిన్ వ్యాకరణంలో దీన్నే ప్రెజెంట్ పార్టిసిపుల్ అంటారు. తెలుగు వ్యాకరణం కూడా ‘వండుతూ’, ‘చదువుతూ’ లాంటి రూపాలకు శత్రర్థకం అనే పేరు పెట్టుకుంది. పేరు మాత్రమే అక్కడిది. మన ‘తూ’కీ సంస్కృతం, లాటిన్‌ల ‘అంత్’కీ చుట్టరికం లేదు. తెలుగు వేరే కుటుంబానికి చెందిన భాష అని ఫ్రాన్సిస్ ఎల్లిస్ మద్రాసులో 1816లోనే సాక్ష్యాలతో చూపించాడు. చుట్టరికం లేకపోయినా పోలిక పనికొస్తుంది. లాటిన్ పాఠాల్లో ఇంగ్లీషు ద్వారా అర్థంకాని కొన్ని చిక్కులు తెలుగు ద్వారా సులువుగా విడిపోతాయి.

రాతపద్ధతి గురించి ఒక్క మాట. లాటిన్ ‘ట’ పళ్ళకు నాలుక తగిలించి పలికేది, మన ‘త’ లాంటిది. అందుకే ఇక్కడ లాటిన్ మాటల్ని ‘త’, ‘ద’లతో రాస్తున్నాను. ‘సి’ అక్షరం ఎక్కడున్నా ‘క’ అనే పలకాలి. హ్రస్వదీర్ఘాల విషయంలో తెలుగు లిపి రోమన్ లిపికంటే మెరుగు. రోమన్లు దీర్ఘాన్ని చాలా వరకు గుర్తుపెట్టి రాయలేదు. మనకు ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. లాటిన్‌కి కావాల్సింది సరిగ్గా అదే. తల్లినైనా తండ్రినైనా లాటిన్‌లో ‘పరేన్స్’ అంటారు. ‘పారేన్స్’ అంటే చెప్పినమాట వింటున్నవాడు. తల్లిదండ్రులకూ మాట వినే పిల్లలకూ మధ్య తేడా ఒక్క దీర్ఘమే. రోమన్ లిపిలో మామూలుగా రాస్తే ఆ తేడా మాయమైపోతుంది.

ఇక రూపాల సంగతి. సంస్కృతంలో ధాతువులకు పది గణాలున్నట్టు లాటిన్ క్రియలకు నాలుగు గణాలున్నాయి. మొదటి గణంలో ‘అమో’ అంటే ప్రేమిస్తాను. దాని శత్రంతం అమాన్స్, ప్రేమిస్తున్నవాడు. రెండో గణంలో ‘మొనెఓ’, హెచ్చరిస్తాను; మొనేన్స్. మూడో గణంలో ‘రెగో’, ఏలుతాను, రెగేన్స్. పసివాడైన రాజు తరఫున రాజ్యం నడిపేవాణ్ణి రీజెంట్ అనడం ఇక్కడిదే. నాలుగో గణంలో ‘ఔదియో’, వింటాను, ఔదియేన్స్. మూడో గణంలోనే ఉంటూ నాలుగోదాని వేషం వేసే ‘కపియో’, పట్టుకుంటాను, లాంటివి కొన్ని ఉన్నాయి. వాటికి కపియేన్స్. మొదటి గణంలో ‘ఆ’, మిగతా అన్నిటిలో ‘ఏ’. అంతకుమించి గుర్తుపెట్టుకోవాల్సింది లేదు.

అయితే ఏ లాటిన్ నిఘంటువూ ‘అమాన్స్’ అని ఒక్క రూపమిచ్చి ఊరుకోదు. ‘అమాన్స్, అమంతిస్’ అని జంటగా ఇస్తుంది. మొదటిది ప్రథమా విభక్తి, రెండోది షష్ఠి. ఎందుకు రెండూ కావాలంటే, ప్రథమలో అసలు ప్రాతిపదిక దాక్కుంటుంది. అది ‘అమంత్-’. దానికి ప్రథమైకవచన ప్రత్యయం ‘స్’ చేరితే ‘అమంత్‌స్’ కావాలి. త్, స్ కలిసినచోట లాటిన్ నోరు ‘త్’ని మింగేసింది. అమన్స్ మిగిలింది. మరి దీర్ఘం ఎక్కడి నుంచి వచ్చింది? ‘న్స్’ ముందున్న అచ్చు దీర్ఘమవుతుందన్నది లాటిన్ ఉచ్చారణ నియమం. ‘ఇన్’ తర్వాత స్, ఫ్ వస్తే దీర్ఘంగా పలుకుతామని, మిగతా చోట్ల హ్రస్వంగా పలుకుతామని రోమన్ వక్త సిసెరోయే చెప్పాడు.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనకు అరసున్న ఉంది. ‘స్’ ముందు ‘న్’ బలహీనపడి, అచ్చులోనే కలిసిపోయి, అచ్చు ముక్కుతో సాగింది. ‘కోన్సుల్’ అనే పదవికి రోమన్లు శాసనాల్లో ‘న్’ లేకుండా ‘కోస్’ అని పొడి అక్షరాలు చెక్కేవారు. అచ్చ తెలుగులో కూడా దీర్ఘం తర్వాత నిండుసున్న నిలవదు, అరసున్న అయిపోతుంది. దారి వేరైనా ముక్కు, దీర్ఘం రెండు చోట్లా ఒకే బేరానికి వచ్చాయి. ‘న్త్’ ముందు మాత్రం దీనికి ఎదురు నియమం: అక్కడ అచ్చు హ్రస్వమే. అందుకే అమాన్స్ కానీ అమంతిస్. మొనేన్స్ కానీ మొనెంతిస్. ఒకే మాటలో ఒక రూపానికి దీర్ఘం, మిగతా అన్నిటికీ హ్రస్వం.

ఇంగ్లీషు మాటల్లో మనకు తగిలేది ఈ ‘ంత్’ రూపమే. ప్రథమ కాకుండా మిగతా విభక్తుల ప్రాతిపదిక మీదే ఫ్రెంచి, ఇంగ్లీషు మాటలు నిలబడ్డాయి. స్టూడెంట్ అంటే ఆసక్తితో పాటుపడుతున్నవాడు (అందరు స్టూడెంట్లూ కాకపోవచ్చు). ప్రెసిడెంట్ ముందు కూర్చున్నవాడు. ఏజెంట్ పని చేస్తున్నవాడు. పేషెంట్ భరిస్తున్నవాడు. అర్జెంట్ తోసుకొస్తున్నది. యాక్సిడెంట్ మీద పడుతున్నది. లెఫ్టినెంట్ అంటే ఒకరి స్థానాన్ని పట్టుకుని ఉన్నవాడు. కరెంటు పరిగెత్తుతున్నది, ‘కరెంటు పోయింది’ అనడంలో పరిగెత్తేది ఆగిపోయిందన్న న్యాయం కొంత ఉంది. మొదటి గణం ‘ఆ’, మిగతావాటి ‘ఏ’ ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ‘ఎ’ (a), ‘ఇ’ (e) అక్షరాలుగా దిగాల్సింది. కాన్‌స్టంట్‌లో ‘ఎ’, స్టూడెంట్‌లో ‘ఇ’ అలాగే దిగాయి. అయితే మధ్యలో ఫ్రెంచి తన క్రియలన్నిటికీ ‘ఎ’ ఒక్కటే వాడడం మొదలుపెట్టింది. దాంతో లాటిన్‌లో ‘ఏ’ ఉండాల్సిన అసిస్టెంట్, టెనెంట్, అటెండెంట్ మాటలు ‘ఎ’తో వచ్చిపడ్డాయి. బళ్ళో స్పెల్లింగు తప్పు రాసి మొట్టికాయ తిన్నవాళ్ళకు ఈ సంగతి కొంత ఊరట.

విభక్తులకు వద్దాం. లాటిన్‌కి మన లెక్కలో ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠి ఉన్నాయి. పంచమి, తృతీయ, సప్తమి మూడింటి పనినీ ఒకే విభక్తి చేస్తుంది. దాన్ని అబ్లేటివ్ అంటారు. సంబోధన ఈ మాటల్లో ప్రథమలాగే ఉంటుంది. ఏకవచనంలో అమాన్స్ ప్రేమిస్తున్నవాడు, అమంతెమ్ ప్రేమిస్తున్నవాణ్ణి, అమంతిస్ ప్రేమిస్తున్నవాడి, అమంతీ ప్రేమిస్తున్నవాడికి. అబ్లేటివ్‌లో అమంతె అనీ ఉంది, అమంతీ అనీ ఉంది. బహువచనంలో ప్రథమ అమంతేస్, ద్వితీయ కూడా అమంతేస్ (పాతకాలంలో అమంతీస్), షష్ఠి అమంతియుమ్, చతుర్థికీ అబ్లేటివ్‌కీ అమంతిబుస్. నపుంసకంలో మారేవి రెండే. ఏకవచనం ద్వితీయ ప్రథమలాగే అమాన్స్. బహువచనంలో ప్రథమ, ద్వితీయ రెండూ అమంతియ.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా జారిపడేది ఈ నపుంసక ద్వితీయ దగ్గరే. ‘పరిగెత్తుతున్న కుక్కను చూస్తున్నాను’ అనాలంటే ‘కనెమ్ కుర్రెంతెమ్’. కుక్క పుంలింగం. ‘పరిగెత్తుతున్న జంతువును’ అనాలంటే మాత్రం ‘అనిమల్ కుర్రేన్స్’. ‘ను’ ఎక్కడుందని వెతుక్కోకూడదు. నపుంసకంలో ప్రథమా ద్వితీయా ఎప్పుడూ ఒకటే. సంస్కృతంలో ‘ఫలమ్’ రెండు చోట్లా ఫలమ్‌గానే ఉన్నట్టు. మనం కూడా ‘పండు తిన్నాను’ అంటాం, ‘పండును తిన్నాను’ అని పట్టుబట్టం.

ఇంకొక విశేషం గమనించారా? పుంలింగానికీ స్త్రీలింగానికీ వేరువేరు రూపాలు లేవు. ప్రథమైకవచనంలోనైతే నపుంసకం కూడా అదే. శాస్త్రీయ నామాల్లో ఇది చక్కగా కనిపిస్తుంది. 1758లో లినేయస్ మనిషికి పెట్టిన పేరు హోమో సేపియన్స్. లాటిన్ పలుకుబడిలో హొమో సపియేన్స్, తెలివిగల మనిషి. హొమో పుంలింగం. మన జువ్విచెట్టు ఫీకుస్ విరేన్స్, పచ్చగా ఉంటున్నది, ఫీకుస్ స్త్రీలింగం. పశువుల మేతకు పెంచే తెల్ల క్లోవర్ త్రిఫొలియుమ్ రేపేన్స్, పాకుతున్నది, త్రిఫొలియుమ్ నపుంసకం. మూడు లింగాలు, ఒకే తోక.

సంస్కృతం దగ్గర ఈ పొదుపు లేదు. అక్కడ వెళ్తున్నవాడు గచ్ఛన్, వెళ్తున్న ఆమె గచ్ఛంతీ, వెళ్తున్నది గచ్ఛత్. ‘దమయంతి’ పేరు రూపాన్ని బట్టి స్త్రీలింగ శత్రంతమే, లొంగదీసుకునేది అని. ఆ ధాతువుకు తోబుట్టువు లాటిన్‌లో ‘దొమో’, మచ్చిక చేస్తాను. దాని శత్రంతం దొమాన్స్, దొమంతిస్. లాటిన్‌లో దమయంతికీ దమయంతుడికీ ఒకటే మాట సరిపోయేదన్నమాట. ఇంకో తేడా. సంస్కృతంలో గచ్ఛంతమ్ అని ద్వితీయలో ఉన్న ‘న’ కారం తృతీయలో గచ్ఛతా అని ఊడిపోతుంది. లాటిన్ ఈ తగ్గింపుల్ని ఎత్తేసి అన్ని విభక్తుల్లోనూ ‘ంత్’ని నిలబెట్టింది. (హనుమంతుడు, భగవంతుడు కూడా ఇలాంటివే అనుకోకండి. అక్కడున్నది ‘కలిగినవాడు’ అనే అర్థమిచ్చే వేరే ప్రత్యయం.)

ఇప్పుడు అసలు ముడి. అబ్లేటివ్‌లో ‘అమంతె’, ‘అమంతీ’ అని రెండెందుకు? వ్యాకరణ పుస్తకాలు ‘ఎ లేదా ఈ’ అని రాసి ముందుకు వెళ్ళిపోతాయి. చదివేవాడు ఏదైనా ఫరవాలేదేమో అనుకుంటాడు. ఫరవాలేకపోవడం కాదు. ఈ మాట మొత్తం స్వభావం ఆ రెండు అచ్చుల మధ్యే ఉంది.

రోమన్లు ఈ రూపానికి పెట్టిన పేరు ‘పర్తికిపియుమ్’, అంటే వాటా పుచ్చుకున్నది. నామవాచకంలా విభక్తులు తీసుకుంటుంది, క్రియలా కాలాన్ని చూపిస్తుంది, రెండిట్లోనూ వాటా ఉంది. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దపు పండితుడు వారో మాటల్ని విభక్తులున్నవి, కాలాలున్నవి, రెండూ ఉన్నవి, రెండూ లేనివి అని నాలుగు వాటాలు వేశాడు. ఆ మూడో వాటా ఇదే. మరి రెండిళ్ళ మనిషి ఏ ఇంట్లో ఉన్నప్పుడు ఆ ఇంటి పద్ధతి పాటించాలి కదా. విశేషణం ఇంట్లో ఉన్నప్పుడు, అంటే స్థిరమైన గుణం చెబుతున్నప్పుడు, తోటి విశేషణాల్లాగా ‘ఈ’ తగిలించుకుంటుంది. క్రియ ఇంట్లో ఉన్నప్పుడు, అంటే ఒక పని జరుగుతూ ఉండడాన్ని చెబుతున్నప్పుడు, పాత ‘ఎ’నే పట్టుకుంటుంది. నామవాచకంగా మారినప్పుడు కూడా ‘ఎ’నే.

నేనే రెండు ముక్కలు కట్టి చూపిస్తాను. ‘అక్వా ఫెర్వెంతీ’ అంటే మరిగే నీళ్ళతో. ‘అక్వా ఫెర్వెంతె’ అంటే నీళ్ళు మరుగుతుండగా. విభక్తి ఒకటే, మాట ఒకటే. తేడా అంతా చివరి అచ్చులోనే. తెలుగులో ‘మరిగే’, ‘మరుగుతుండగా’ అని రెండు వేర్వేరు రూపాలతో మనం చెప్పే తేడాని లాటిన్ ఈ ఒక్క అచ్చు మీద పెట్టింది. రోమన్ రచయితలు నిజంగా వాడిన మాటల్లో కూడా ఇదే కనిపిస్తుంది. ‘ఇన్ రే ప్రైసెంతీ’ అంటే అక్కడికక్కడే, సంఘటనా స్థలంలోనే. ‘మే ప్రైసెంతె’ అంటే నేను ఎదురుగా ఉండగా. అలాగే ‘ఆ సపియెంతె’ అంటే జ్ఞాని చేత. ‘ఆ సపియెంతీ విరో’ అంటే తెలివైన మనిషి చేత. కవులు ఛందస్సు కోసం ఈ హద్దు దాటారు, గద్యంలోనూ అక్కడక్కడా జారుళ్ళున్నాయి. అయినా చదివేటప్పుడు ‘ఎ’ కనిపిస్తే ‘ఇక్కడేదో పని నడుస్తోంది’ అని చెవులు రిక్కించడం మంచి అలవాటు.

‘మే ప్రైసెంతె’ లాంటి ప్రయోగాన్ని ఇంగ్లీషులో వివరించడానికి టీచర్లు నానా తిప్పలు పడతారు. ‘అబ్లేటివ్ అబ్సొల్యూట్’ అనే పేరు చూస్తేనే పిల్లలకు జ్వరం. తెలుగువాళ్ళకు ఇది ‘ఉండగా’ ఒక్కటే. ‘సోలె ఒరియెంతె’, సూర్యుడు ఉదయిస్తుండగా. వాక్యంలో కర్త వేరే ఎవరో, ఈ సూర్యుడు వేరు. అతను కేవలం నేపథ్యం. సంస్కృతం చదివినవాళ్ళకు ఇది సతి సప్తమి: ‘రామే వనం గచ్ఛతి’, రాముడు అడవికి వెళ్తుండగా. సంస్కృతం సప్తమిని వాడినచోట లాటిన్ అబ్లేటివ్‌ని వాడింది. సప్తమి పని కూడా దాని నెత్తినే పడిందని ఇందాక చెప్పుకున్నాం కదా.

ఇది ఎక్కడో రోమ్‌లో ఆగిపోయిన వ్యాకరణం కాదు. మన కోర్టుల్లో రోజూ వినిపిస్తుంది. ఆస్తి మీద దావా నడుస్తుండగా ఆ ఆస్తిని అమ్మితే కొన్నవాడు కూడా తీర్పుకు కట్టుబడాలన్న సూత్రం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. దాన్ని ‘లిస్ పెండెన్స్’ అంటారు. ఇది ప్రథమ: వేలాడుతున్న వ్యాజ్యం. 1955 నాటి హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్‌లో కేసు తేలేలోగా ఇచ్చే భరణం గురించి ఉంది. దాని పేరు మెయింటెనెన్స్ ‘పెండెంటె లైటె’. లాటిన్ పలుకుబడిలో పెందెంతె లీతె. ఇది అబ్లేటివ్, చివర్లో ఖాయంగా ‘ఎ’: వ్యాజ్యం వేలాడుతుండగా. ఒకే జంట మాటలు రెండు చట్టాల్లో రెండు విభక్తుల్లో. రెండూ వాడే వకీళ్ళకైనా ఇవి ఒకే మాటకు రెండు రూపాలని తట్టి ఉంటుందా అని నాకు అనుమానం. ‘కేసు పెండింగ్‌లో ఉంది’ అనడంలో ఉన్నది కూడా ఈ వేలాడడమే.

షష్ఠీ బహువచనంలో కూడా ఇలాంటి ఊగిసలాట కొంత ఉంది. మామూలుగా ‘-ఇయుమ్’: అమంతియుమ్. నామవాచకంగా గట్టిపడిపోయిన ‘పరేన్స్’కి మాత్రం ‘పరెంతుమ్’ ఎక్కువ వాడుక. కవులకు ‘ఇయు’ అనే రెండు హ్రస్వాలు గణాల్లో ఇమడనప్పుడు ఒకటి మింగేయడం సులువు. వర్జిల్ మౌనంగా ఉన్నవాళ్ళ, అంటే చనిపోయినవాళ్ళ, అనడానికి సిలెంతియుమ్ కాకుండా ‘సిలెంతుమ్’ అన్నాడు. ద్వితీయా బహువచనంలో ‘ఈస్’ పాత రూపం, ‘ఏస్’ తర్వాత స్థిరపడింది. గ్రీకులు కానుకలు మోసుకొస్తున్నా సరే నాకు వాళ్ళంటే భయమే అని ట్రాయ్ గుర్రం దగ్గర వర్జిల్ పాత్ర అన్న మాట లోకమంతా సామెతలా వాడుతుంది. సామెతగా చెప్పేవాళ్ళు ‘ఫెరెంతేస్’ అంటారు, నిశితంగా పరిష్కరించిన ప్రతుల్లో ‘ఫెరెంతీస్’ ఉంటుంది. రెండూ ఒప్పే.

ఇన్ని విభక్తులు ఎందుకయ్యా, ‘పరిగెత్తుతూ’ అని ఒక్కటి పెట్టుకుంటే పోయేది కదా అనిపించవచ్చు. ‘మార్కుస్ యూలియమ్ కుర్రేన్స్ వీదిత్’ అంటే మార్కుస్ పరిగెత్తుతూ యూలియను చూశాడు. ‘మార్కుస్ యూలియమ్ కుర్రెంతెమ్ వీదిత్’ అంటే పరిగెత్తుతున్న యూలియను మార్కుస్ చూశాడు. పరిగెత్తేది ఎవరో ప్రత్యయమే చెప్పేస్తుంది. అందుకని ఆ మాటను వాక్యంలో ఎక్కడ విసిరేసినా గొడవ లేదు. తెలుగులో ‘తూ’ మామూలుగా కర్తకే అంటుకుంటుంది. కర్మకు చెప్పాలంటే ‘పరిగెత్తుతున్న’ అని రూపం మార్చి, తీసుకెళ్ళి దాని ముందు నిలబెట్టాలి. కాబట్టి లాటిన్ శత్రంతానికి తెలుగులో ఒక్క సమానార్థకం వెతకడం వృథా. సందర్భాన్ని బట్టి పరిగెత్తుతూ, పరిగెత్తుతున్న, పరిగెత్తేవాడు, పరిగెత్తుతుండగా, ఒక్కోసారి పరిగెత్తుతున్నా కూడా. అనువాదం చేసేటప్పుడు ఈ అయిదింటినీ చేతిలో పట్టుకుని కూర్చోవాలి.

కాలం గురించి మాత్రం మనకు బెంగ అక్కర్లేదు. వర్తమానం అన్నారు కదా అని ఇప్పుడే జరుగుతోందని కాదు, ప్రధాన క్రియతో పాటు జరుగుతోందని. ‘కుర్రేన్స్ కెకిదిత్’, పరిగెత్తుతూ పడ్డాడు. పడడం నిన్నటిదైతే పరుగూ నిన్నటిదే. మన ‘తూ’ అచ్చంగా ఇంతే. కానీ ‘వచ్చి’, ‘తిని’ అని మనం అలవోకగా అనే మాటలకు లాటిన్‌లో సూటి రూపం లేదు. చేసేసిన కర్తను చెప్పే పార్టిసిపుల్ ఆ భాషకు మామూలు క్రియల్లో లేనేలేదు. ‘వచ్చినప్పుడు’ అని వేరే ఉపవాక్యం కట్టుకోవాలి. ‘అన్నం తిని, చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని బయల్దేరాడు’ అనే వాక్యం సీజర్‌కి ఇస్తే కాసేపు ఆలోచించాల్సి వచ్చేది.

రెండిళ్ళ కాపురం విభక్తి ప్రత్యయాలతోనే ఆగదు, కర్మను పట్టుకునే తీరులో కూడా బయటపడుతుంది. ‘పత్రియమ్ అమాన్స్’ అన్నప్పుడు దేశం ద్వితీయలో ఉంది: దేశాన్ని ప్రేమిస్తున్నవాడు, ఇప్పుడు, ఈ పనిలో. ‘పత్రియై అమాన్స్’ అన్నప్పుడు షష్ఠి: దేశభక్తుడు, పడుకున్నా లేచినా. క్రియ ద్వితీయను అడుగుతుంది, గుణం షష్ఠితో సరిపెట్టుకుంటుంది. గుణంగా మారిపోయినవాటికి తర-తమ రూపాలు కూడా వస్తాయి: అమంతియొర్ మరింత ప్రేమగలవాడు, అమంతిస్సిముస్ అందరికంటే ప్రేమగలవాడు. ఇదే ప్రాతిపదికకు ‘-ఇయ’ చేరితే భావవాచకాలు. స్కియేన్స్ తెలిసినవాడు, స్కియెంతియ తెలివిడి. మనం సైన్స్ అంటున్నది దీన్నే. పేషెంటు ఆసుపత్రిలో పేషెన్స్‌తో కూర్చోవాల్సి రావడం కేవలం కాకతాళీయం కాదు.

అపవాదాలు కొన్నే. ‘ఎఓ’, వెళ్తాను, అనే క్రియకు ప్రథమ ఇయేన్స్ అయితే షష్ఠి ఇయెంతిస్ కాదు, ఎఉంతిస్. ఒకప్పుడు ‘ఒంత్’ అనే ప్రత్యయ రూపం కూడా ఉండేదనడానికి ఇది మిగిలిపోయిన సాక్ష్యం. దాని ఉపసర్గల సంతానం కూడా ఇంతే: రెదియేన్స్, రెదెఉంతిస్, తిరిగి వెళ్తున్నవాడు. ఒక్క ‘అంబియో’ మాత్రం, చుట్టూ తిరుగుతాను, తల్లి దారి వదిలేసి నాలుగో గణంలో చేరిపోయింది. అంబియేన్స్, అంబియెంతిస్. హోటళ్ళ గురించి రాసేవాళ్ళు ‘ఆంబియెన్స్ అదిరింది’ అంటుంటారు. చుట్టూ పరుచుకున్నది అని దాని అర్థం. రూపంలో కర్మణిలా ఉండి అర్థంలో కర్తరిగా ఉండే డెపోనెంట్ క్రియలు లాటిన్‌లో చాలా ఉన్నాయి. శత్రంతం దగ్గరికి వచ్చేసరికి అవి కూడా వేషం తీసేసి మామూలుగా సెక్వేన్స్, వెంట వస్తున్నది, అనే రూపమే తీసుకుంటాయి. పేషెంటు మూలమైన పతియేన్స్ కూడా ఆ జాతిదే.

అన్నిటికంటే వింతైన అపవాదం ‘సుమ్’, ఉన్నాను. భాషలో అందరికంటే ఎక్కువగా వాడే ఈ క్రియకు శత్రంతమే లేదు. ‘ఉంటున్న’ అని లాటిన్‌లో అనలేరు! సీజర్ ‘ఏన్స్’ అనే రూపం ప్రతిపాదించాడని ప్రిస్కియన్ అనే వ్యాకర్త రాశాడు. అప్పట్లో దాన్నెవరూ పట్టించుకోలేదు. శతాబ్దాల తర్వాత మధ్యయుగపు తత్త్వవేత్తలకు ‘ఉన్నది’ అనే భావం గురించి వాదించుకోవడానికి ఒక మాట అవసరమై ఏన్స్‌ని లేపి కూర్చోబెట్టారు.

అయితే అసలు పాత శత్రంతం పూర్తిగా చావలేదు. ఉపసర్గల వెనక దాక్కుని బతికింది. ప్రై-సేన్స్, ఎదుట ఉన్నవాడు. అబ్-సేన్స్, దూరంగా ఉన్నవాడు. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు ప్రెజెంట్, ఆబ్సెంట్ అని మనం అరిచిన ఆ ‘సెంత్’ అదే. సంస్కృతంలో దాని తోబుట్టువు ‘సత్’, బహువచనంలో ‘సంతః’. ఇక్కడ దాని దశ తిరిగింది. ఉన్నదే సత్యం అయింది, ఉన్నవాళ్ళే సత్పురుషులయ్యారు, హిందీ దారిన సంతులు కూడా అయ్యారు. రోమ్‌లో అదే మాట ఒంటరిగా ‘సోన్స్, సొంతిస్’ అన్న రూపంలో మిగిలింది. నేరం ఎవరిదని అడిగితే ‘ఉన్నవాడు, వాడే’ అని వేలు చూపించడం నుంచి దాని అర్థం వచ్చి ఉంటుందని భాషా చరిత్రకారులు అంటారు. లాటిన్ నిఘంటువులో సోన్స్ అంటే దోషి.